అత్త రేడియో క్యాసెట్లు డిజిటల్ చేయించాను – డాబాగార్డెన్స్ షాపు గురించి కాస్త వివరంగా

పాత ఆడియో క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే షాపు వైజాగ్‌లో ఎక్కడైనా ఉందా అని నేను రెండేళ్ళు వెతికాను. పెళ్ళి వీడియో క్యాసెట్లు చేసేవాళ్ళు జగదాంబ చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు దొరికారు గానీ ఆడియో అనేసరికి "ఆ పాటలన్నీ యూట్యూబ్‌లో ఉంటాయి కదా మేడం" అనేవాళ్ళు. పాటలు కాదు బాబూ మా అత్త గొంతు అంటే ఎవరికీ ఎక్కేది కాదు. తెలిసినాయన ఒకరు డాబాగార్డెన్స్‌లో ఈ షాపు ఉందని చెప్తే సంచీలో 23 క్యాసెట్లు వేసుకుని వెళ్ళాను. నాలాగే ఇంకెవరి అటక మీదైనా ఇలాంటివి ఉంటే పనికొస్తుందని రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది.

ముందు ఆ క్యాసెట్లు ఏంటో చెప్పాలి, లేకపోతే నేను దేనికి సంతోషపడ్డానో దేనికి బాధపడ్డానో అర్థం కాదు. మా మేనత్త స్కూల్లో తెలుగు టీచరు. 1974 నుంచి 1996 దాకా సిరిపురం ఆకాశవాణిలో క్యాజువల్‌గా ప్రోగ్రాములు చేసింది, అంటే పర్మనెంట్ ఉద్యోగం కాదు, పిలిచినప్పుడు కాంట్రాక్టు పేపర్ మీద సంతకం పెట్టి రికార్డింగ్ చేసి రావడం, తర్వాత చెక్కు రావడం. మొదట కథలు చదివేది, వంటల గురించి మాట్లాడేది. తర్వాత స్త్రీల కార్యక్రమంలో ఉత్తరాలకి జవాబులు చెప్పే పని ఆవిడ చేతికొచ్చింది. అత్తగారి పోరు, కట్నం బాకీ, చదువు మాన్పించేస్తున్నారు, పిల్లలు పుట్టట్లేదు, మా ఆయన తాగొచ్చి కొడుతున్నాడు, ఇలాంటివే అన్నీ. అనకాపల్లి నుంచి, విజయనగరం నుంచి, శ్రీకాకుళం లోపలి ఊళ్ళ నుంచి ఇన్‌లాండ్ లెటర్లు వచ్చేవి. కొన్ని వేరేవాళ్ళ చేత రాయించినవి, కింద వేలిముద్ర ఉండేదట. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక ఆడవాళ్ళు రేడియో దగ్గర కూర్చునే టైం అది.

విశాఖ రేడియో స్టేషన్ మొదలైంది 1963లో. ఫిలిప్స్ వాళ్ళు ఈ చిన్న క్యాసెట్ని బయటికి తెచ్చింది కూడా ఆ ఏడాదే, ఈ సంగతి షాపు అబ్బాయే చెప్పాడు నాకు. స్టేషన్లో రికార్డింగ్ జరిగేది స్పూల్ టేపుల మీద, టేపు ఖరీదైనది కాబట్టి చెరిపి మళ్ళీ వాడుకునేవాళ్ళని అత్త చెప్తుంది. అందుకే ఆవిడ చెప్పిన జవాబుల్లో మిగిలినవంటే మావయ్య ఇంట్లో రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నవి మాత్రమే. 1981 నుంచి 1995 దాకా అప్పుడప్పుడూ చేశాడు. మావయ్య ఇప్పుడు లేడు. ఆయన చేతిరాతతో తారీఖు వేసిన అట్టముక్కలు కొన్ని డబ్బాల్లో ఉన్నాయి, కొన్నింటికి డబ్బాలే లేవు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12, పెదవాల్తేరులో మా అత్త వాళ్ళింటి కిటికీ అద్దాలన్నీ పోయి అటక దాకా నీళ్ళు కొట్టాయి, ఆ క్యాసెట్ల అట్టపెట్టె తడిసిపోయింది. ఎండలో పెడితే పాడైపోతాయేమో అని ఫ్యాన్ కింద ఆరబెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేశాం. మన ఊరి గాలిలో తేమ ఎలాంటిదో మీకు తెలుసు కదా, ఈ పదేళ్ళలో తొమ్మిదింటికి లోపల తెల్లగా బూజు పట్టేసింది.

ఇక షాపు సంగతి. చిన్నదే, మేడ మీద ఒక గది. నడిపేది ఒక అబ్బాయి, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, వాళ్ళ నాన్న ఒకప్పుడు టేప్ రికార్డర్లు రిపేర్ చేసేవాడట. వెళ్ళగానే నాకు నచ్చింది ఏంటంటే క్యాసెట్ తీసుకెళ్ళి టపీమని డెక్‌లో పెట్టలేదు. ఒక్కోటీ లైట్ దగ్గర పెట్టి కిటికీలోంచి లోపలి చుట్ట చూశాడు, బూజు ఉన్నవి పక్కన పెట్టాడు, టేపు కింద ఉండే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయినవి ఇంకో పక్కన పెట్టాడు. ఆ ముక్క లేకపోతే టేపు దాన్ని చదివే హెడ్డుకి సరిగ్గా ఆనదట, గొంతు వచ్చీ రానట్టు ఉంటుందట. బూజు ఉన్నది అలాగే ప్లే చేస్తే బూజు హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్లన్నింటికీ పాకుతుందని చెప్పాడు. స్క్రూలు ఉన్న క్యాసెట్లు తేలిగ్గా తెరుచుకుంటాయి, స్క్రూలు లేకుండా అతికించేసినవి మాత్రం జాగ్రత్తగా పగలగొట్టి లోపలి చుట్టని కొత్త డబ్బాలోకి మార్చాలి. మా వాటిలో ఆరింటికి అలా చేశాడు. పాత డబ్బాలు పారేయకుండా తిరిగిచ్చాడు, వాటి మీద మావయ్య రాత ఉందని నేను చెప్పకుండానే. ఆ ఒక్కదానికి ఆ అబ్బాయికి దండం పెట్టాలనిపించింది.

రేట్లు చెప్తా. క్యాసెట్‌కి 250, బూజు క్లీనింగ్ ఉంటే ఇంకో 100. 23లో రెండు రాలేదు, ఒకటి టేపు అట్టలా అతుక్కుపోయింది, ఇంకొకటి నలిగి ముక్కలైంది, ఆ రెండింటికీ డబ్బు తీసుకోలేదు. 21కి 5250, క్లీనింగ్ 900, పెన్ డ్రైవ్ 450, మొత్తం 6600 అయింది. అడ్వాన్స్ 2000 ఇచ్చాను. ఎక్కువే అనిపించొచ్చు గానీ గంట క్యాసెట్ ఎక్కించాలంటే గంట కూర్చుని ప్లే చేయాల్సిందే, ఫోటో స్కాన్ లాగా అయిపోదు. పెద్ద సైజు వావ్ ఫైలూ, ఫోన్లో వినడానికి ఎంపీత్రీ, రెండూ ఇస్తాడు. వావ్ ఫైలు గంటకి 600 ఎంబీ దాకా వస్తుంది కాబట్టి 32 జీబీ పెన్ డ్రైవ్ తీసుకోండి, 16 జీబీది సరిపోకపోవచ్చు.

ఒక విషయం అడిగి చేశాడు, అది చాలా మంచి పని. పాత రికార్డింగులు కదా, రేడియో గరగర, మధ్యలో కుక్కర్ విజిల్, కాకి అరుపు, ఒక చోట చిన్నపిల్ల ఏడుపు (అది నేనే అని అత్త అంటుంది), ఇవన్నీ తీసేయమంటారా అని. కొంచెం తీసి వినిపించాడు కూడా. గరగర పోయింది గానీ అత్త నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టుంది, "స, శ" పలికిన చోట్ల పూర్తిగా పోయింది. తీయొద్దని చెప్పాను. మీరూ అలాగే ఒరిజినల్ ఒకటి ఉంచమని చెప్పండి, తర్వాత కావాలంటే ఎవరైనా శుభ్రం చేసుకోవచ్చు.

ఇంకో భయం కూడా ఉండింది నాకు. ఇవి పాటలు కాదు, ఊరూపేరూ తెలియని ఆడవాళ్ళ కష్టాలు. అత్త ఎప్పుడూ గాలిలో అసలు పేరు చదివేది కాదు, "గాజువాక నుంచి ఒక సోదరి" అనేది, ఊరు చిన్నదైతే ఊరు కూడా చెప్పేది కాదు, ఎందుకంటే చిన్న ఊళ్ళో ఏ ఇంటిదో ఇట్టే పోల్చేస్తారు. జవాబు చెప్పాక ఉత్తరం చించేసేది. అడ్రస్ రాసిన కవరు జతచేసినవాళ్ళకి విడిగా రాసేది, వాటి సంగతి రేడియోలో ఎత్తేదే కాదు. అలాంటిది ఇప్పుడు షాపు కంప్యూటర్లో ఇవన్నీ పడుండటం నాకు ఇష్టం లేదు. అడిగితే నా ముందే డిలీట్ చేశాడు. అడగండి, మొహమాటపడకండి.

అత్తకి ఈ పని ఎవరూ నేర్పలేదు. ఆ రోజుల్లో చాలామంది తెలుగు ఆడవాళ్ళలాగే ఆవిడకీ గురువు మాలతీ చందూర్ గారు. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో ప్రమదావనం అనే ప్రశ్నలు జవాబుల శీర్షిక మొదలుపెట్టి నలభై ఏళ్ళకి పైగా నడిపారు కదా, మా అత్త చిన్నప్పుడు ఆ జవాబుల్ని కత్తిరించి నోటు పుస్తకంలో అంటించుకునేది. వంట దగ్గర్నుంచి ప్రపంచ సంగతుల దాకా ఒక ఆడమనిషి అడగొచ్చు, ఇంకో ఆడమనిషి జవాబు చెప్పొచ్చు అన్నది ఆవిడ దగ్గరే చూశానంటుంది. కానీ పత్రికకీ రేడియోకీ తేడా ఉందట. పత్రిక చదువుకున్నవాళ్ళే చదువుతారు, చదివి దాచుకుంటారు, అర్థం కాకపోతే మళ్ళీ చదువుతారు. రేడియోలో మాట ఒక్కసారే వెళ్తుంది, అది కూడా పక్కనే అత్తగారూ ఆడపడుచూ కూర్చుని ఉండగా. ఉత్తరం రాసిన అమ్మాయి మొహం కదలకుండా వినాలి. అందుకని జవాబుని రెండు రకాలుగా అర్థమయ్యేలా చెప్పేదట, వినాల్సినమ్మాయికి ఒకటి, పక్కన కూర్చున్నవాళ్ళకి ఇంకొకటి. టేపులు విన్నాక నాకు అది తెలిసింది. ఒక జవాబులో "కోడలు పుట్టింటికెళ్ళి నెల రోజులుంటే ఆ ఇంటి పెద్దలకే మర్యాద" అంటుంది, విన్న అత్తగారికి అది పొగడ్త, రాసినమ్మాయికి దారి.

హైదరాబాద్‌లో ఉండే మా అమ్మాయి ఇవి విని అమెరికాలో డాక్టర్ రూత్ అని ఒకావిడ గురించి చెప్పింది. 1980లో న్యూయార్క్ రేడియోలో ఆదివారం అర్ధరాత్రి దాటాక పదిహేను నిమిషాల ప్రోగ్రాంతో మొదలుపెట్టిందట, భార్యాభర్తల పడకగది సంగతులు విప్పి చెప్పేది, అది హిట్టయి ఏడాదిలోనే ఫోన్ కాల్స్‌తో గంట ప్రోగ్రాం అయిందట. పదేళ్ళ పిల్లగా జర్మనీ నుంచి స్విట్జర్లాండ్ పంపించేస్తే బతికి బయటపడింది, అమ్మానాన్నలు నాజీల చేతిలో పోయారు, 2024లో తొంభై ఆరేళ్ళకి చనిపోయింది. అత్తకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకూ అలాంటి ఉత్తరాలు వచ్చేవే, ఆవిడ చెప్పగలిగింది, నేను కేజీహెచ్‌లో లేడీ డాక్టర్ని కలవమ్మా అని ఊరుకున్నాను" అంది. ఊరుకున్నాను అన్న మాట మాత్రం రెండుసార్లు అంది.

ఇప్పుడు షాపు చేసిన తప్పు చెప్పాలి. పది రోజులన్నాడు, 26 రోజులు పట్టింది, ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, మూడుసార్లు మెట్లెక్కి వెళ్ళాను. అది కూడా సర్దుకుంటా. అసలు బాధ ఏంటంటే నేను డబ్బాల మీద తారీఖులు ఉన్నాయని చెప్పినా ఫైళ్ళకి టేప్ 01, టేప్ 02 అని తనకి చేతికొచ్చిన వరసలో పేర్లు పెట్టేశాడు. డబ్బాలు మార్చిన ఆరింటిలో ఏది ఏదో కూడా కలిసిపోయింది. పాటలైతే ఏ వరసలో ఉన్నా ఒకటే. ఇక్కడ వరసే ముఖ్యం.

ఎందుకంటే ఇంటికొచ్చి ముందు పెట్టింది టేప్ 01, అది 1991ది అని తర్వాత తెలిసింది. అందులో ఒకావిడ భర్త కొడుతున్నాడని రాసింది, అత్త గొంతు ఇలా మొదలవుతుంది: "అమ్మా, నీ ఉత్తరంలో చివరి మాటకి ముందు జవాబు చెప్తాను. ఈ రాత్రి నువ్వూ పిల్లలూ ఎవరింట్లో పడుకుంటే దెబ్బలు పడవో అది ఆలోచించు, మిగతావన్నీ రేపు మాట్లాడుకుందాం." ఆ తర్వాత పోలీస్ స్టేషన్లో ఏమని చెప్పాలి, గాయాలు ఆసుపత్రిలో రాయించుకోవడం ఎందుకు ముఖ్యం, అన్నీ నిదానంగా చెప్పింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో. పక్కకి తిరిగి చూస్తే అత్త మొహంలో ఏమీ లేదు. "ఇది కాదే, ముందుది ఉంటుంది, అది పెట్టు" అంది. ముందుది ఏదో నాకేం తెలుసు. ఒక్కో ఫైలూ తెరుస్తూ పోతే టేప్ 14లో దొరికింది. 1983 వేసవి. అదే సమస్య, అనకాపల్లి వైపు నుంచి. జవాబు: "మగవాళ్ళ కోపం పాలపొంగు లాంటిది తల్లీ, కాసిని నీళ్ళు చల్లితే దిగిపోతుంది, ఓర్పు పట్టు, పిల్లల మొహం చూసి సర్దుకో." గొంతు ఎంత తియ్యగా ఉందో, ఆ తియ్యదనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అత్త అప్పుడు చెప్పింది. ఆరేడు నెలల తర్వాత అదే చేతిరాతతో ఇంకో ఉత్తరం వచ్చిందట. కోపం లేదు, నిష్ఠూరం లేదు. మీరు చెప్పినట్టే ఓర్చుకున్నానండి, ఇప్పుడు ఎడమ చెవి వినపడట్లేదు, రేడియో కుడి పక్కన పెట్టుకుని వింటున్నాను అని రాసింది. అత్త వారం రోజులు స్కూలుకి వెళ్ళలేదట. తర్వాత మావయ్యకి తెలిసిన లాయరమ్మ దగ్గరికెళ్ళి కూర్చుంది. భర్త, అత్తింటివాళ్ళు హింస పెడితే కేసు పెట్టే 498ఏ సెక్షన్ సరిగ్గా ఆ 1983 చివర్లోనే వచ్చింది, అప్పటికి చాలామందికి తెలియదు. ఆ రోజు నుంచి జవాబు రాసే ముందు చట్టం సంగతైతే లాయరమ్మకి, ఒంటి సంగతైతే కేజీహెచ్‌లో తెలిసిన డాక్టరమ్మకి చూపించకుండా రికార్డింగ్‌కి వెళ్ళలేదు. వచ్చే చెక్కులో సగం ఆటోలకే పోయేదట.

ఆ తేడా 1987 టేపులో బాగా కనపడుతుంది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటున్నారు, నాకేమైనా వస్తుందా అని పెళ్ళికాని ఒకమ్మాయి అడిగింది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది, అయితే ఆ తారీఖుకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించదు అని తారీఖుతో సహా చెప్పి, ఆ తారీఖుని మళ్ళీ నెమ్మదిగా రెండోసారి చదువుతుంది, పెన్సిల్ తెచ్చుకునేదాకా ఆగినట్టు. దేశం మొత్తానికి అలాంటి చట్టం 2005లో గానీ రాలేదు. ఆ జవాబు తర్వాత పెళ్ళయిపోయిన ఆడవాళ్ళ నుంచి ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయట, మరి మా సంగతేంటమ్మా అని. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, లేదనే చెప్పాను అంది అత్త. అదే నాకు నచ్చింది. లేనిది ఉందని చెప్పి ఓదార్చడం ఆవిడ అప్పటికే మానేసింది.

వరస పెట్టి వింటే ఇది మొత్తం తెలుస్తుంది, ఒక మనిషి పద్నాలుగేళ్ళలో ఎక్కడ మారిందో. కలిపేసి వింటే ఒకటి మంచి జవాబు ఒకటి చెడ్డ జవాబు, అంతే. అందుకే చెప్తున్నా, షాపుకి ఇచ్చే ముందు ప్రతి క్యాసెట్ మీదా, డబ్బా మీద కాదు క్యాసెట్ మీదే, స్కెచ్ పెన్‌తో నంబరు వేయండి, ఒక పేపర్ మీద నంబరూ తారీఖూ రాసి ఇంకో కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నేను వేయలేదు, ఆ అబ్బాయి అడగలేదు. తర్వాత మేమిద్దరం, అత్తా నేనూ, నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని వరస సరిచేశాం. ఆవిడకి 79 ఏళ్ళు, తారీఖులు గుర్తులేవు గానీ ఉత్తరాలు గుర్తున్నాయి, ఏ ఉత్తరం తర్వాత ఏది వచ్చిందో చెప్పేస్తుంది.

అలా సరిచేస్తుంటే బయటపడింది, మావయ్య "84 ఫిబ్రవరి" అని రాసిన క్యాసెట్ ఫైలు 30 నిమిషాలే ఉంది. గంట క్యాసెట్ అది. బి సైడ్, అంటే క్యాసెట్ రెండో వైపు, ఎక్కించనేలేదు. మళ్ళీ వెళ్ళాను, కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఆ అబ్బాయి వాదించలేదు, సారీ అక్కా అని చేతిలో ఉన్న పని ఆపి అప్పటికప్పుడే పెట్టాడు, డబ్బు అడగలేదు. అరగంట అక్కడే స్టూలు మీద కూర్చుని విన్నాను. మొదట పచ్చళ్ళ గురించి ఏదో ఉంది. తర్వాత అత్త గొంతు, ఈసారి తియ్యగా లేదు, కాగితం చదువుతున్నట్టు కూడా లేదు: "పోయిన ఏడాది ఒక సోదరికి ఓర్పు పట్టమని చెప్పాను. ఆ జవాబు తప్పు. ఆ రోజు అది విని ఇంకెవరైనా ఓర్చుకుంటూ ఉంటే వాళ్ళందరికీ చెప్తున్నాను, నా మాట వినకండి." తర్వాత రెండు మూడు సెకన్లు ఏమీ లేదు, గరగర ఒక్కటే. షాపు అబ్బాయి లెవెల్ చూసే స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పి "ఎవరక్కా ఈవిడ" అని అడిగాడు. చెప్పాను.

అత్తకి ఈ క్యాసెట్ గుర్తు లేదట, అలా చెప్పాలనుకున్నానని మాత్రం గుర్తుంది, చెప్పానో లేదో అని ఇన్నేళ్ళూ అనుకుంటూ ఉందట. వినిపిస్తే కళ్ళు మూసుకుని విని, ఇంకోసారి పెట్టమంది. 83దాన్ని తీసేద్దామా అత్తా, రెండోది ఉంది కదా అంటే వద్దంది. రెండూ పక్కపక్కన పెట్టి ఇవ్వు ఎవరైనా అడిగితే అంది.

ఇలాంటి టేపులు వింటున్నప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా పాత బాధ పైకొస్తే, ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. అత్త దీన్ని ఫోన్ పక్కన గోడ మీద రాయించుకుంది, ఇప్పటికీ పాత శ్రోతలు ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు.

షాపుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది ఆ బి సైడ్‌కీ, ఫైళ్ళ వరసకీ. బూజు పట్టినవి అంత ఓపికగా బతికించేవాళ్ళు మన ఊళ్ళో నాకైతే ఇంకెవరూ దొరకలేదు. తీసుకునేటప్పుడు పెన్ డ్రైవ్ అక్కడే పెట్టించి ప్రతి ఫైలూ ఎన్ని నిమిషాలుందో చూసుకోండి, 60 క్యాసెట్ అయితే గంట దగ్గరలో ఉండాలి, 90ది గంటన్నర. ఆదివారం సెలవు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మూసేస్తాడు, కింద బండి పెట్టుకోవడానికి చోటు ఉండదు కాబట్టి ఆటోలో వెళ్ళడమే మంచిది.